డిపార్ట్‌మెంటుకు కలిగిన ప్రయోజనం

ఆగస్టు 4

ఏడుగురు అవునన్నారు, ఆరుగురు కాదన్నారు. ఒక్క చెయ్యి తేడాతో గట్టెక్కాను. ఎమ్.టెక్ పిల్లల్ని ఒక సెమిస్టరు బయటి సంస్థలకు ఇంటర్న్‌షిప్‌కి పంపాలని మూడేళ్లుగా మా సివిల్ విభాగంలో నేను పెట్టిన పోరు ఇవాళ తెగింది.

హెడ్డుగారు మాత్రం చివరిదాకా దిగిరాలేదు. “పిల్లలకు మంచిదే, నేను కాదనడం లేదు. మనకేంటమ్మా మిగిలేది? ల్యాబులో పనిచేసే చేతులన్నీ నాలుగు నెలలు మాయమైపోతాయి. మనం మొహమొహాలు చూసుకుంటూ కూర్చోవాలి,” అన్నారు.

“వెళ్లిన ప్రతి ఒక్కరూ డిపార్ట్‌మెంటుకు పనికొచ్చేది ఒకటి పట్టుకొస్తారండీ. తేకపోతే మార్కుల్లేవు,” అన్నాను. అప్పటికప్పుడు నోటికొచ్చిన మాట. దానికే ఏడో చెయ్యి లేచింది.

సాయంత్రం కూర్చుని ఫారం తయారుచేశాను. చివరి గడి: ‘డిపార్ట్‌మెంటుకు కలిగిన ప్రయోజనం’. చూసుకుంటే ముచ్చటగా ఉంది.

ఆగస్టు 11

పదకొండు మందికి చోట్లు కుదిరాయి. కొలతల ల్యాబుకి మాత్రం ఎవరూ ముందుకు రాలేదు. తూకాలు, గేజీలు సరిచూసే చోట నేర్చుకునేదేముందని వాళ్ల బాధ. చివరికి కొలబద్ద చెయ్యెత్తింది. ఆ పిల్లకు ఆ పేరు క్లాసువాళ్లే పెట్టారు. పరీక్ష హాల్లో నా ప్రశ్నపత్రంలోనే యూనిట్లు తప్పుపడ్డాయని లేచి చెప్పిన ఘనురాలు. మాట తక్కువ. చెప్పిందంటే మాత్రం రెండుసార్లు చూసుకునే చెబుతుంది.

సెప్టెంబర్ 19

మొదటి నెల ఫారాలు వచ్చాయి. చివరి గడిలో ఒకడు ‘క్రమశిక్షణ’ అని రాశాడు. ఇంకొకమ్మాయి సిమెంటు కంపెనీవాళ్లిచ్చిన గోడ క్యాలెండరును జతచేసింది. హెడ్డుగారు స్టాఫ్‌రూములో అందరికీ చదివి వినిపించారు. అందరితో పాటు నేనూ నవ్వాను. చెవులు మాత్రం కాలిపోయాయి.

అక్టోబర్ 6

కొలబద్ద ఫోన్ చేసింది.

“మేడమ్, ఏదైనా పనికొచ్చేది తెమ్మన్నారు కదా. ఇక్కడి ఇంజినీరమ్మగారు ఒక శనివారం వాళ్ల లోడ్ సెల్ ఇస్తామన్నారు. మన క్యూబుల మిషన్ సరిచూసి సర్టిఫికెట్ ఇవ్వొచ్చు.”

ఎగిరి గంతేసినంత పనైంది. నేను కోరుకున్నది సరిగ్గా ఇదే! ఊళ్లో ఎవరు ఏ కట్టడం కట్టినా కాంక్రీటు క్యూబులు పోసి మా ల్యాబుకే పంపుతారు. మా మిషన్ వాటిని నొక్కి నొక్కి పగలగొడుతుంది. పగిలేటప్పుడు అది చూపించిన అంకె కింద నేను సంతకం పెడతాను. అలాంటి మిషన్‌కు కొత్త సర్టిఫికెట్ వస్తే అంతకన్నా ప్రయోజనం ఏముంటుంది? హెడ్డుగారికి అప్పుడే చెప్పేశాను. “చూద్దాం,” అన్నారు.

అక్టోబర్ 11, శనివారం

లోడ్ సెల్ అంటే పెద్దదేదో అనుకున్నాను. గుప్పెడంత ఇనుప దిమ్మె, దానికొక వైరు, చిన్న తెర. మిషన్ ఎంత బలంతో నొక్కుతోందో తన లెక్కలో తను చెబుతుంది. కొలబద్ద దాన్ని క్యూబు పెట్టే చోట మధ్యకు జరిపి, నాలుగు వైపులా స్కేలుతో కొలిచింది. మా టెక్నీషియన్ మేస్త్రీ మిషన్ ఆన్ చేశాడు. పాతికేళ్లుగా ఆ మిషన్ ఆయన చేతిలోనే ఉంది.

మిషన్ వంద చూపించింది. లోడ్ సెల్ ఎనభై ఐదు చూపించింది.

“మళ్లీ,” అన్నాను.

రెండు వందలు. నూట డెబ్బై.

“మళ్లీ.”

మూడు వందలు. రెండు వందల యాభై ఐదు.

కొలబద్ద పెన్ను పట్టుకుని నా వైపు చూసింది. మేస్త్రీ గోడ వైపు చూశాడు. గోడకు మా సర్టిఫికెట్ అద్దంలో వేలాడుతోంది. వచ్చినవాళ్లందరికీ చెయ్యెత్తి చూపించేది దాన్నే. దాని మీది తేదీని నేను ఇవాళే మొదటిసారి చదివాను. ఐదేళ్ల కిందటిది.

“నీ సెల్ దారిలో దెబ్బతిని ఉంటుంది,” అన్నాను.

“నిన్న సాయంత్రమే సరిచూశాం మేడమ్.”

“అయినా సరే.”

ఆ పిల్ల దిమ్మెను పెట్టెలో పెట్టి, పెట్టెకు బెల్టు బిగించింది. బయటికొచ్చాక కారు తాళం కోసం బ్యాగంతా గాలించాను. అది చేతిలోనే ఉంది.

అక్టోబర్ 12

ఆ పిల్ల ఎక్కడో తప్పు చేసింది.

అక్టోబర్ 13

ఎక్కడో తప్పు చేసింది. పిల్ల కదా. రేపు ఆ ఇంజినీరమ్మనే రమ్మన్నాను.

అక్టోబర్ 14

వంద, ఎనభై ఐదు. రెండు వందలు, నూట డెబ్బై.

ఇంజినీరమ్మ రెండో సెల్ కూడా తెచ్చారు. అదీ అదే మాట చెప్పింది. మిషన్ వెనక మూత విప్పి చూసి, “బలం కొలిచే ఈ సెన్సార్ మార్చి ఎన్నాళ్లయింది? మార్చాక సెట్టింగు సరిచేసినట్టు లేదే,” అన్నారు.

నాలుగేళ్లయింది.

ఆవిడ వెళ్లేదాకా ఎలాగో ఓపిక పట్టి, మేస్త్రీ మీద విరుచుకుపడ్డాను. “పాతికేళ్లుగా ఇక్కడున్నారు, ఇంత చిన్న విషయం చూసుకోరా? ఎవరి ప్రాణాల మీదికి తెస్తారు?” ఆయన బీరువా తెరిచి, ఫైలు తీసి, అందులోంచి రెండు కాగితాలు నా ముందు పెట్టాడు.

మొదటిది నాలుగేళ్ల కిందటిది. మేస్త్రీ గుండ్రటి చేతిరాత. ‘సెన్సారు మార్చినారు. కాలిబ్రేషను చేయించకుండా వాడకూడదని కంపెనీ మనిషి చెప్పినాడు. అనుమతి కోరుచున్నాను.’ దాని కింద, వాలుగా, ఆకుపచ్చ ఇంకుతో: ‘ప్రస్తుతం పని ఒత్తిడి. వచ్చే సెమిస్టరు చూద్దాం.’

రెండోది మరుసటేడు. అదే మనవి. అదే ఇంకు. ‘చూద్దాం.’

ఆ సంతకం నాది.

“నాకు గుర్తులేదు,” అన్నాను.

“మూడోసారి నేనే రాయలేదమ్మా. రాస్తే మీకు కోపమొస్తుందేమోనని,” అన్నాడు మేస్త్రీ. నన్ను ఊరడించడానికి చెబుతున్నట్టు చెప్పాడు.

నాకు నిజంగా గుర్తులేదు. రెండు సంతకాలు పెట్టాను, ఒక్కటీ గుర్తులేదు. ఆ పూట ఏం చేస్తున్నాను? ఎవరితో మాట్లాడుతున్నాను? పెన్ను పట్టుకున్న చెయ్యి నాదేనా?

అక్టోబర్ 16

రెండు రోజులు రిజిస్టర్లతోనే సరిపోయింది. ఈ నాలుగేళ్లలో పదమూడు వందల పన్నెండు రిపోర్టులిచ్చాం. ప్రతి అంకెనూ ఎనభై ఐదు శాతానికి తగ్గించి మళ్లీ చూశాను. చాలావరకు అప్పటికీ పాసవుతాయి. ఫెయిలయ్యేవి తొంభై ఆరు. ప్రహరీ గోడలు, ఇళ్లు, ఒక గోదాము. అంత భయపడాల్సిందేమీ లేదు. డిజైన్ చేసేటప్పుడే బలం కొంత ఎక్కువ వేసుకుంటారు. పదిహేను శాతం దానిలోనే కలిసిపోతుంది. క్లాసులో నేనే చెబుతాను కదా.

డెబ్బై మూడోది: ఆసుపత్రి కొత్త బ్లాకు, మూడో అంతస్తు పిల్లర్లు. కాంక్రీటు బలం పాతిక రావాలి. మేం ఇచ్చింది ఇరవై ఐదు పాయింట్ నాలుగు. అసలుది ఇరవై ఒకటి పాయింట్ ఆరు.

చెల్లి పనిచేసేది ఆ అంతస్తులోనే. బాలింతల వార్డు నర్సు.

కలిసిపోతుంది. పదిహేను శాతం కలిసిపోతుంది.

అక్టోబర్ 17

హెడ్డుగారికి చెప్పాను. ఆయన లేచి వెళ్లి తలుపు వేసొచ్చారు.

“ఎవరెవరికి తెలుసు?”

“నాకు, మేస్త్రీకి, ఆ అమ్మాయికి, వాళ్ల ఇంజినీరమ్మకు.”

“కొలిచింది విద్యార్థి. మొన్నటిది కూడా అధికారికంగా మనం చేయించింది కాదు. పద్ధతి ప్రకారం కమిటీ వేసి, ఇంకో ల్యాబుతో చేయించి, అప్పుడు చెబుదాం. రెండు నెలలు పట్టనీ. ఈలోపు ఆ అమ్మాయి రిపోర్టులో ఆ పేజీ ఉండకూడదు. ఫైలులోకి వెళ్లిందంటే మన చేతుల్లో ఉండదు.” ఆగి, నెమ్మదిగా అన్నారు: “సంతకాలు నీవమ్మా. నేను నీ కోసమే చెబుతున్నాను.”

ఆయన చెప్పింది సబబుగానే ఉంది. కమిటీ వెయ్యడమే పద్ధతి. దాచడం కాదు కదా, పద్ధతి.

అక్టోబర్ 18

కొలబద్దకు ఫోన్ చేశాను.

“ఆ కాలిబ్రేషన్ పేజీ ఇప్పటికి తీసెయ్యమ్మా. తర్వాత మేమే వివరంగా రాస్తాం.”



“చివరి గడిలో ఏం రాయాలి మేడమ్?”

“ఏ గడి?”

“డిపార్ట్‌మెంటుకు కలిగిన ప్రయోజనం. ఆ పేజీ తీసేస్తే రాయడానికి నా దగ్గర ఇంకేం లేదు.”

“ఏదో ఒకటి రాయి. క్రమశిక్షణ అని రాయి.”

ఆ మాట నేనే అన్నాను. నా నోటితోనే.

“మార్కులు పోతే పోనివ్వండి మేడమ్. ఖాళీగా ఇస్తాను,” అంది. గొంతులో కోపం లేదు. ఉంటే బాగుండేది. కోప్పడితే నేనూ కోప్పడి ఉండేదాన్ని.

అక్టోబర్ 19, ఆదివారం

చెల్లి వచ్చింది. ఎప్పట్లాగే వస్తూనే నా వంటింట్లో డబ్బాల మూతలన్నీ తీసి చూసి, “ఇంట్లో మనుషులు బతుకుతున్నారా లేదా,” అని సాధించింది.

“పది రోజులు సెలవు పెట్టవే,” అన్నాను.

“దేనికి?”

“ఊరికే. అలిసిపోయావు.”

“పదహారేళ్ల నుంచి అలిసిపోయే ఉన్నాను. ఇవాళే కనబడ్డానా? నా మొహంలోకి చూసి చెప్పక్కా.”

చూడలేకపోయాను. చెప్పేశాను. మిషన్, సెన్సార్, ఆకుపచ్చ ఇంకు, ఇరవై ఒకటి పాయింట్ ఆరు, కమిటీ. అన్నీ.

చేతిలో ఉన్న మూతను జాగ్రత్తగా డబ్బాకు పెట్టింది.

“అంటే నన్నొక్కదాన్ని దిగొచ్చెయ్యమంటున్నావు.”

“అది కాదే...”

“నా వార్డులో ముప్పై ఎనిమిది మంచాలున్నాయి. సగం మంది ఒకరు పట్టుకోకపోతే లేచి నిలబడలేరు. వాళ్ల పక్కన ఉయ్యాలల్లో పిల్లలున్నారు. నాకు అక్క ఉంది, చెప్పింది. వాళ్లకు అక్క ఎవరు?”

ఇన్ని రోజులు రిజిస్టర్లలో కూర్చుని మంచాలు ఎన్నో ఒక్కసారైనా అనుకోలేదు. పిల్లర్లు లెక్కపెట్టాను. అంకెలు లెక్కపెట్టాను. చెల్లి ఒక్కతే కనబడింది నాకు ఆ అంతస్తు మొత్తంలో.

బ్యాగు భుజాన వేసుకుంటూ అంది: “రేపు పదింటికి మా సూపరింటెండెంటుగారి దగ్గరికి వెళ్తున్నాను. అంతకంటే ముందు నువ్వు చెబితే, నువ్వు చెప్పినట్టు. లేదంటే నేను చెప్పినట్టు.”

అక్టోబర్ 20

నాలుగుసార్లు రాశాను. మొదటి దాంట్లో ‘కొంత తేడా ఉండే అవకాశం కలదు’. రెండో దాంట్లో ‘సాంకేతిక కారణాల వల్ల’. మూడోది చించేశాను. నాలుగోది ఇలా మొదలైంది: ‘మీ భవనం మూడో అంతస్తు పిల్లర్లకు నేను ఇచ్చిన రిపోర్టు తప్పు.’

తొమ్మిదింటికి సూపరింటెండెంటుగారి బల్ల మీద పెట్టాను. ఆయన చదివి, కళ్లజోడు తీసి తుడుచుకుని, మళ్లీ చదివారు.

“తప్పంటే? ఎంత తప్పు?”

“ఎంతో చూడాలంటే పిల్లర్లకు రంధ్రం వేసి ముక్క తీసి పరీక్షించాలండీ. చూసేదాకా పైన ఎవరినీ ఉంచకండి.”

కారిడార్‌లో చెల్లి నిలబడి ఉంది. తొమ్మిదింబావు. నన్ను చూసి తల ఊపి, చకచకా మెట్లెక్కి వెళ్లిపోయింది.

కారులో కూర్చుని కొలబద్దకు ఫోన్ చేశాను. “ఆ పేజీ ఉంచమ్మా.”

“తీయలేదు మేడమ్,” అంది.

అక్టోబర్ 21

హెడ్డుగారు నాతో మాట్లాడటం లేదు.

అక్టోబర్ 23

అంతస్తంతా ఖాళీ చేశారు. రోడ్డు అవతలి నుంచి చూశాను. చక్రాల కుర్చీలు, మంచాలు, చేతుల్లో గుడ్డల మూటల్లా పసిపిల్లలు. ఒక్కొక్కరినే దించుతున్నారు. ముప్పై ఎనిమిది మంది వచ్చేదాకా లెక్కపెట్టాను. చివర్లో చెల్లి వచ్చింది, రెండు చేతుల్లో ఇద్దరు పిల్లలతో.

దగ్గరికి వెళ్లలేదు.

నవంబర్ 5

పిల్లర్ల నుంచి తీసిన ముక్కల పరీక్ష ఫలితాలు వచ్చాయి. చాలా పిల్లర్లు ఇరవై పైనే ఉన్నాయి. తూర్పు వైపు రెండు మాత్రం పదిహేడు. నా ఇరవై ఒకటి కన్నా కూడా తక్కువ. సైటులో సిమెంటు సరిగ్గా కలపలేదట, నీళ్లు ఎక్కువ పోశారట. ఆ లోపాన్ని పట్టుకోవడానికే కదా క్యూబు పరీక్ష ఉన్నది! మా మిషన్ దాన్ని పాస్ చేసి పంపింది.

ఆసుపత్రి ఇంజినీరు నన్ను డాబా మీదికి తీసుకెళ్లాడు. కొత్త నీళ్ల ట్యాంకు. తెల్లటి సున్నం ఇంకా మెరుస్తోంది.

“ఇది ఎప్పుడు కట్టారు?”

“మొన్నమొన్నే. ఆ రెండు పిల్లర్ల నెత్తినే కూర్చుంది. మీరు ఉత్తరం తెచ్చారు చూశారా, ఆ వారంలోనే శుక్రవారం నింపాల్సింది. యాభై వేల లీటర్లు.”

“ఏ శుక్రవారం?”

“ఇరవై నాలుగు.”

రెండు నెలలు పట్టనీ అనుకున్నాం మేం. పద్ధతి అన్నాను నేను. ఈ పుస్తకంలోనే రాసుకున్నాను.



నవంబర్ 21

విచారణ కమిటీ ముందు అన్నీ చెప్పాను. మేస్త్రీని మూడోసారి ఎందుకు రాయలేదని నిలదీశారు. “రెండుసార్లు రాసిన మనిషిని అడుగుతున్నారు. రెండుసార్లు చదవని మనిషి ఇక్కడుంది,” అన్నాను. రెండేళ్లపాటు ఏ రిపోర్టు మీదా నేను సంతకం పెట్టకూడదన్నారు. ల్యాబు బాధ్యత తీసేశారు. తొంభై ఆరు మందికీ ఉత్తరాలు వెళ్లాయి. గోదాముకూ, రెండు ఇళ్లకూ మరమ్మతులు కావాలట.

మధ్యాహ్నం డిపార్ట్‌మెంటు సమావేశం. ఇంటర్న్‌షిప్పులు ఉంచాలా, తీసెయ్యాలా అన్నదే మాట. ఒకాయన ఉన్నదున్నట్టే అన్నారు: “ఆ అమ్మాయి అక్కడికి వెళ్లకపోతే మనం హాయిగా ఉండేవాళ్లం.” ఎవరూ ఆయన్ను ఖండించలేదు. అందరూ అదే అనుకుంటున్నట్టుంది. నేను కూడా, ఏ మూలో, అనుకునే ఉంటాను.

కొలబద్దను పిలిపించారు. తలుపు దగ్గరే నిలబడింది.

“నీ అనుభవం మీద రెండు ముక్కలు చెప్పమ్మా. డిపార్ట్‌మెంటుకు ఇవి పనికి రావాలంటే ఏం చెయ్యాలి?” అని హెడ్డుగారే అడిగారు. ఆయన గొంతు బాగా దిగిపోయింది.

“మీరు మమ్మల్ని పంపేటప్పుడు ఏం తెస్తావు అని అడుగుతారు సార్. అక్కడ ఏముందో వెళ్లకముందు మాకేం తెలుస్తుంది? దొరికింది తెస్తాం, క్యాలెండరో మరొకటో. దాని బదులు మీకు ఏం తెలియదో, ఏది చూసుకుని ఎన్నాళ్లయిందో ముందే రాసివ్వండి. అది కనుక్కుని వస్తాం. కాకపోతే...”

“కాకపోతే?”

“కనుక్కుని వచ్చాక పేజీ తీసెయ్యమనకూడదు సార్.”

నా వైపు చూడకుండా చెప్పింది. చూసి ఉంటే తట్టుకునేదాన్నేమో.

చేతులెత్తమన్నారు. ఉంచాలన్నవి తొమ్మిది. హెడ్డుగారి చెయ్యి తొమ్మిదోది. కిందే ఉన్న నాలుగు చేతుల వాళ్లను నేను తప్పుపట్టలేదు.

నవంబర్ 22

మొదటి జాబితా మేమే కూర్చుని రాశాం: ఏది చూసుకుని ఎన్నాళ్లయింది. మూడు పేజీలయింది. ఇంకా రాస్తున్నారు.

ఫిబ్రవరి 9

చెల్లి ఫోన్ చేసింది. అక్టోబర్ తర్వాత తనంతట తాను చెయ్యడం ఇదే మొదటిసారి.

“మూడో అంతస్తు మళ్లీ తెరిచారు. వస్తావా?”

వెళ్లాను. చాలా పిల్లర్లకు చుట్టూ కొత్త కాంక్రీటు తొడిగారు. తూర్పు వైపు రెండూ మరీ లావు. నిన్న వేసిన రంగు వాసన వస్తోంది. మంచాలన్నీ వచ్చేశాయి. చెల్లి నన్ను ఎవరికీ పరిచయం చెయ్యలేదు. తన పని తను చేసుకుంటూ పోతుంటే, నేను తోకలా వెనకే నడిచాను.

ఒక బాలింత మొదటి అడుగులు వేస్తోంది. ఒక చేత్తో కడుపు పట్టుకుని, ఇంకో చెయ్యి తూర్పు వైపు పిల్లర్ మీద ఆనించి ఆగింది. ఊపిరి తీసుకుని నవ్వింది.

“ఇదేంటి సిస్టర్, మిగతావాటికన్నా ఇంత లావుగా ఉంది?”

“మా అక్క లావు చేయించింది,” అంది చెల్లి, నవ్వి, నా వైపు గడ్డం చూపిస్తూ.

ఆ అమ్మాయి నన్ను పైనుంచి కిందిదాకా చూసింది. “మంచి పని చేశారండీ,” అంది.

అవునని తల ఊపి ఊరుకోవచ్చు. చెల్లి నాకిచ్చింది అదే. నాలుగు నెలల తర్వాత ఒక నవ్వు, అందులో దాక్కోవడానికి కొంచెం చోటు.

“ఇది సన్నగా ఉన్నప్పుడు బాగానే ఉందని సంతకం పెట్టింది కూడా నేనేనమ్మా,” అన్నాను.

ఆ అమ్మాయికి అర్థం కాలేదు. ఇంతలో ఉయ్యాలలో బిడ్డ ఏడ్చింది. పిల్లర్ మీది నుంచి చెయ్యి తీసి అటు నడిచింది, ఒక్కో అడుగూ చూసుకుని వేస్తూ.

చెల్లి మాత్రం విన్నది. నా చేతిలో ఒక దుప్పటి పెట్టి, “ఊరికే నిలబడకపోతే ఆ చివరి మంచం పరిచి పెట్టొచ్చుగా,” అంది.

పరిచాను. మూలలు సరిగ్గా రాలేదని నాచేత రెండుసార్లు తీయించి మళ్లీ వేయించింది.